మొలక కట్టి చూడని విత్తనం

ఏప్రిల్ నెలాఖరున భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు ఏ ఊరికి వెళ్లినా పొద్దువాటారే వేళ ఒకే హడావిడి. తెల్లారకముందే అడవికి పోయి తునికాకు కోసుకొచ్చినవాళ్లు ఇంటి ముందు కూర్చుని ఆకు పేర్చి, యాభై ఆకులకొక కట్ట కట్టి, గంపలెత్తుకుని కల్లానికి బయల్దేరతారు. అక్కడ కల్లేదారు కట్టలు లెక్కపెట్టి తన పుస్తకంలో రాసుకుంటాడు, వాళ్ల కార్డులోనూ రాసిస్తాడు. వెయ్యి కట్టలైతే ఒక ప్రామాణిక బస్తా.

కూలి డబ్బు ఎలాగోలా చేతికొస్తుంది. బోనస్ సంగతి అలా కాదు. ఆకు అమ్మగా మిగిలినదాంట్లో సేకరించినవాళ్ల వాటా ఏళ్లు గడిచాక గానీ ఖాతాలో పడదు. కొన్నేళ్లది ఒకేసారి పడిన సందర్భాలూ ఉన్నాయి. అంటే ఇవాళ కల్లంలో రాసిన అంకె నాలుగైదేళ్ల తర్వాత కూడా పేరుతో, ఊరితో, ఖాతా నంబరుతో సహా దొరకాలి. దొరక్కపోతే నష్టపోయేది ఆకు కోసిన మనిషి.

పోడు భూమి కాగితాలదీ ఇదే కథ. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి సాగులో ఉన్నట్టు చూపాలి. 2023 జూన్ 30న తెలంగాణలో పట్టాల పంపిణీ మొదలైంది. ఈ రికార్డులన్నీ ఒకప్పుడు బీరువాల్లో ఉండేవి. ఇప్పుడు డేటాబేస్‌లలో ఉన్నాయి. సంఘాల పొదుపు లెక్కలు, ఆసుపత్రి చీటీలు, హాస్టల్ పిల్లల వివరాలు కూడా అంతే. బీరువా తడిస్తే కాగితాలు ఎండబెట్టి కొన్నయినా చదువుకోవచ్చు. డేటాబేస్ పాడైతే చాలాసార్లు ఒక్క అక్షరమూ మిగలదు. అందుకే బ్యాకప్, రికవరీ అనే పని నేర్చుకోవడం పట్నంలోని పెద్ద కంపెనీల ఇంజినీర్లకే చెందిన విద్య కాదనీ, ఈ అడవి అంచున కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతి ఆపరేటర్‌కూ రావాల్సిన పని అనీ నేను గట్టిగా నమ్ముతాను.

ఆ నమ్మకం నాకు 2022 జులైలో కలిగింది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత ఇంత నీరు రావడం అదే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. నీరు దిగాక నది ఒడ్డు ఊళ్లో ఒక చిన్న ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటర్‌ను బల్ల మీదికి ఎత్తారు, సరిపోలేదు. బ్యాకప్ ఉన్న హార్డ్‌డిస్క్ అదే బల్ల సొరుగులో ఉంది. రెండూ ఒండ్రు మట్టిలో కూరుకుపోయాయి.

అయినా ఆపరేటర్ కుర్రాడు ధైర్యంగానే ఉన్నాడు. "పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంది సార్. వారం వారం ఇంటికి తీసుకుపోతా" అన్నాడు. మంచి పని చేశాడనుకున్నాను. నా ల్యాప్‌టాప్‌కు పెట్టి చూశాం. ఫైళ్లు తారీఖుల వారీగా, ఒక్క రోజూ తప్పకుండా, ముచ్చటగా ఉన్నాయి. ఒక ఫైలు మీద మౌస్ పెట్టి సైజు చూస్తే సున్నా. దాని కిందిదీ సున్నా. వెనక్కి వెనక్కి వెళితే, కొన్ని నెలల కిందట డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారని తేలింది. రాత్రిపూట తనంతట తాను నడిచే బ్యాకప్ స్క్రిప్ట్‌లో మాత్రం పాత పాస్‌వర్డే ఉండిపోయింది. అది ప్రతి రాత్రీ లేచి, ఖాళీ ఫైలు ఒకటి తెరిచి, లోపలికి ప్రవేశం దొరక్క, ఆ ఖాళీ ఫైలును అలాగే వదిలి పడుకునేది. తప్పు జరిగిందని చెప్పే సందేశం ఎవరూ చూడని చోట పడిపోయేది. ఆ కుర్రాడి ముఖం నాకింకా గుర్తుంది. వాడి తప్పేమీ లేదు. కాపీ తీయడం నేర్పినవాళ్లెవరూ ఆ కాపీని తెరిచి చూడటం నేర్పలేదు.

మన రైతు విత్తనాన్ని ఇలా నమ్మడు. తొలకరికి ముందు దాచిన గింజల్లోంచి వంద తీసి, తడి గోనెలో చుట్టి, మొలక కట్టి లెక్కపెడతాడు. తొంభై మొలిస్తే సరే. నలభై మొలిస్తే ఆ బస్తా విత్తనం కాదు, కూటి గింజ. బస్తా నిండుగా ఉందా అని చూసి ఎవరూ దుక్కిలోకి దిగరు. బ్యాకప్ విషయంలో మనం చేస్తున్నది మాత్రం సరిగ్గా అదే. ఫైలుందా, ఉంది, అయిపోయింది. ఆ ఫైలును వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, లెక్కలు సరిపోయాయో లేదో చూడటమే మొలక కట్టడం. అది చేయనంత వరకు మన దగ్గరున్నది ఒక ఫైలు మాత్రమే, దాన్ని బ్యాకప్ అనడానికి లేదు.

ఇక అసలు విద్యలోకి వద్దాం. మొదట అర్థం కావాల్సింది డేటాబేస్ మామూలు ఫైలు లాంటిది కాదన్న సంగతి. పెళ్లి ఫొటోలను కాపీ చేసినట్టు, నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ను కాపీ చేస్తే పనికిరాదు. గుమాస్తా పద్దులు రాస్తుండగా మీరు ఒక్కో పేజీ ఫొటో తీస్తున్నారనుకోండి. పదో పేజీ ఫొటో తీసేసరికి అందులో ఖర్చు రాయలేదు. నలభయ్యో పేజీకి వచ్చేసరికి దాని జమ రాసేశాడు. మీ ఫొటోల్లో జమ ఉంటుంది, ఖర్చు ఉండదు. అందుకే డేటాబేస్‌తో పాటే వచ్చే పనిముట్లను వాడాలి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ డంప్, మైఎస్‌క్యూఎల్‌లో మైఎస్‌క్యూఎల్ డంప్. పీజీ డంప్ మొదలైన క్షణంలో లెక్కలు ఎలా ఉన్నాయో, చివరి వరకు అదే క్షణపు చిత్రాన్ని రాసుకుంటుంది. మధ్యలో ఎవరు ఏం మార్చినా దానికి అంటదు. మైఎస్‌క్యూఎల్ డంప్‌కు మాత్రం ఈ పద్ధతి మనం చెప్పాలి. సింగిల్ ట్రాన్సాక్షన్ అనే ఐచ్ఛికం పెట్టాలి, అదీ ఇన్నోడీబీ రకం పట్టికలకే పనిచేస్తుంది.

డంప్ అంటే ఒక క్షణపు నకలు. రాత్రి 11 గంటలకు తీస్తే, మర్నాడు సాయంత్రం 5కి సర్వర్ కూలితే, ఆ పగటి పనంతా పోయినట్టే. ఆ పగలును కూడా తిరిగి తెచ్చుకునే దారి ఒకటుంది. అది మన పాత షావుకార్లకు బాగా తెలిసినదే.

దుకాణంలో రెండు పుస్తకాలుండేవి, చిట్టా, ఆవర్జా. లావాదేవీ జరిగిన వెంటనే, జరిగిన వరసలోనే, ముందు చిట్టాలో రాస్తారు. తీరిక చూసుకుని ఆవర్జాలో ఎవరి ఖాతా కింద వాళ్లకు ఎక్కిస్తారు. ఆవర్జా చెదలు పట్టిపోయినా చిట్టా ఉంటే దాన్ని మళ్లీ కట్టొచ్చు. డేటాబేస్ కూడా సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. పట్టికలు దాని ఆవర్జా. పట్టికల్లో మార్పు చేసేముందే ఆ మార్పును వేరే ఫైల్లో వరసగా రాసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆ చిట్టాను వాల్ అంటారు. మైఎస్‌క్యూఎల్‌లో మన రికవరీకి ఈ పనిచేసేది బిన్‌లాగ్, బైనరీ లాగ్.

ఇప్పుడు ఈ ఏర్పాటు చూడండి. ఆదివారం రాత్రి ఆవర్జా మొత్తానికి నకలు తీశాం. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి పీజీ బేస్‌బ్యాకప్ అనే పనిముట్టు ఉంది. అప్పటి నుంచి పుట్టే ప్రతి చిట్టా ఫైలునూ వేరే చోటికి పంపుతున్నాం. గురువారం ఉదయం 11 గంటల 40 నిమిషాలకు ఒకరు పొరపాటున మొత్తం పట్టిక చెరిపేశారు. అప్పుడు ఆదివారపు ఆవర్జాను బయటికి తీసి, దాని మీద చిట్టాను మొదటి నుంచి ఎక్కించుకుంటూ వచ్చి, 11 గంటల 39 నిమిషాల దగ్గర ఆగమని చెబుతాం. పట్టిక చెరిపిన పద్దు దాకా వెళ్లం. లెక్కలు మళ్లీ మన ముందుంటాయి. దీన్నే కోరిన క్షణానికి రికవరీ అంటారు. మొదటిసారి ఇది కళ్లముందు జరగడం చూసినవాళ్లకు ఆ ఆనందం చెప్పనలవి కాదు. ఒక్క షరతు. చిట్టాలో ఒక ఫైలు మధ్యలో తప్పిపోతే అంతకుమించి ముందుకు వెళ్లలేం. గొలుసులో లంకె ఊడినట్టే.

చాలామంది రెండో సర్వర్ పెట్టుకుని, "ఇక్కడ రాసింది వెంటనే అక్కడా పడుతుంది, ఇంక బ్యాకప్ దేనికి?" అంటారు. దాన్ని రెప్లికేషన్ అంటారు. ఒక సర్వర్ యంత్రం చెడిపోతే అది నిజంగా ఆదుకుంటుంది. కానీ అద్దం ముందు నిలబడి మీసం గొరిగేసుకుంటే అద్దంలోనూ మీసం ఉండదు. మనం చెరిపింది క్షణంలో అక్కడా చెరిగిపోతుంది.

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే సంస్థలో జరిగింది ఈ పని నేర్చుకునే ప్రతివారూ చదవాలి. రెప్లికేషన్ సరిచేస్తున్న ఇంజినీర్ రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోని డేటాబేస్ ఫోల్డర్‌నే తొలగించాడు. ఒకటి రెండు సెకన్లలో తెలుసుకుని ఆపాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5. సరే, బ్యాకప్‌లు ఉన్నాయి కదా అనుకున్నారు. చూస్తే, డేటాబేస్ 9.6 వెర్షన్, దాన్ని డంప్ చేసే పనిముట్టు 9.2 వెర్షన్. కుదరక ఎన్నాళ్లుగానో విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. చివరికి ఆ ఇంజినీరే ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిపెట్టుకున్న ఒక నకలు వాళ్లను గట్టెక్కించింది. ఆ ఆరు గంటల్లో నమోదైనవి పోయాయి. ప్రపంచమంతా వాడే సంస్థకూ, గోదావరి ఒడ్డున మా కుర్రాడికీ వచ్చిన జబ్బు ఒకటే. వాళ్లు ఆ రాత్రి జరిగిందంతా దాచకుండా లోకానికి రాసి చెప్పారు. అందుకు వాళ్లంటే నాకు గౌరవం.

కాపీలు ఎన్ని, ఎక్కడ? పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఒకటుంది. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఈ "వేరే ఊరు" అనేదాన్ని మన దగ్గర నదిని బట్టి ఆలోచించాలి. భద్రాచలంలో ఆఫీసు ఉండి, కాపీ గోదావరి అవతల బూర్గంపాడులో పెడితే ఊరు వేరే, నది ఒకటే. రెండూ ఒకే వరదలో మునుగుతాయి. ఖమ్మం మున్నేరు ఒడ్డున ఉంది, మున్నేరు కృష్ణలో కలుస్తుంది. 2024 సెప్టెంబర్ 1న అది ఖమ్మాన్ని ముంచింది. అంటే ఖమ్మం కూడా క్షేమమని కాదు. అయితే భద్రాచలం ప్రతి ఖమ్మంలో, ఖమ్మం ప్రతి భద్రాచలంలో, రెండు చోట్లా పై అంతస్తులో ఉంటే రెండూ ఒకే రోజు పోయే ప్రమాదం బాగా తగ్గుతుంది. కొత్తగూడెం, హైదరాబాద్, లేదా క్లౌడ్ కూడా ఆలోచించవచ్చు.

క్లౌడ్ అనగానే చర్లలో ఉండేవాళ్లు నవ్వుతారు. అడవి దారుల్లో సిగ్నల్ ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. రోజూ నాలుగు గిగాబైట్లు పైకి పంపడం అక్కడ కుదిరే పని కాదు. అలాంటి చోట ఇంక్రిమెంటల్ బ్యాకప్ ఆదుకుంటుంది. వారానికోసారి పూర్తి ప్రతి, మిగతా రోజుల్లో ముందురోజు నుంచి మారినది మాత్రమే. మారినది కొన్ని మెగాబైట్లే కాబట్టి రాత్రి తీరిగ్గా వెళుతుంది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 17 నుంచి బేస్‌బ్యాకప్‌లోనే ఈ సదుపాయం ఉంది. పూర్తి ప్రతిని వారానికోసారి ఎన్‌క్రిప్ట్ చేసిన హార్డ్‌డిస్క్‌లో బస్సులో పంపినా తప్పేమీ లేదు. ఎన్‌క్రిప్ట్ చేయడం మాత్రం మరవకూడదు. అందులో జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి.

కాపీల్లో ఒకటి ఎప్పుడూ నెట్‌వర్క్‌కు తగలకుండా ఉండాలి. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగి రోజుల తరబడి ఓపీ చీటీలు చేతితో రాశారు. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టే ఆసుపత్రి డేటాను తిరిగి తెచ్చుకోగలిగారు. దక్షిణ కొరియాకు ఆ భాగ్యం దక్కలేదు. 2025 సెప్టెంబర్ 26న డేజన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల నిల్వ కాలిపోయింది. అంత పెద్దదానికి బయట ప్రతి పెట్టడం కష్టమని వదిలేశారు.

ఎంత తరచుగా తీయాలి అన్న ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో దొరకదు. ఆఫీసులో కూర్చుని రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఎంతసేపటి పని పోతే మళ్లీ రాసుకోగలం? ఎంతసేపు పని ఆగితే జనం తట్టుకోగలరు? తునికాకు సీజన్లో ఒక్క పూట ఎంట్రీలు పోయినా వందల కార్డులు మళ్లీ తిరగేయాలి. అప్పుడు గంట గంటకూ చిట్టా పంపాల్సిందే. అక్టోబర్‌లో అదే డేటాబేస్‌కు వారానికోసారి చాలు.

ఇక నేర్చుకునే తీరు. చదివితే వచ్చేది కాదిది, చేతితో చేయాలి. పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్ చాలు, పోస్ట్‌గ్రెస్‌కు పైసా ఖర్చు లేదు. కల్లం అని ఒక పట్టిక తయారు చేసి, ఊహించుకున్న పేర్లు ఇరవై తెలుగులో ఎక్కించండి. ఊరు, తారీఖు, కట్టల సంఖ్య. వరుసలెన్ని, కట్టల మొత్తం ఎంత, ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి. పీజీ డంప్‌తో కస్టమ్ ఫార్మాట్‌లో నకలు తీయండి. ఇప్పుడు కావాలనే పాడు చేయండి. ఒక మనిషి కట్టలు సరిదిద్దబోయి షరతు రాయడం మరిచిపోయినట్టు, అందరి కట్టలూ సున్నా చేసేయండి. ఆఫీసుల్లో ఎక్కువగా జరిగే ప్రమాదం ఇదే.

రీస్టోర్ చేసేటప్పుడు పాడైనదాని మీదే చేయకండి. పక్కన కొత్త డేటాబేస్ ఒకటి తెరిచి అందులోకి పీజీ రీస్టోర్‌తో దించండి. నకలు కూడా చెడ్డదైతే, ఉన్నదాన్నీ మీ చేత్తోనే పోగొట్టుకుంటారు. దించాక కాగితం మీది రెండు అంకెలతో సరిచూడండి. పేర్లు కళ్లతో చదవండి. మైఎస్‌క్యూఎల్‌లో అక్షరాల అమరిక యూటీఎఫ్8 రకానిది కాకపోతే సోడె, కారం, మడకం లాంటి ఇంటిపేర్లన్నీ ప్రశ్నార్థకాలై కూర్చుంటాయి. వరుసల లెక్క సరిపోతుంది, మనుషులు మాత్రం ఉండరు.

తర్వాత అదే నకలును వేరే కంప్యూటర్లో దించండి. అక్కడ ఓ కొత్త ఇబ్బంది ఎదురుకావచ్చు. ఫలానా యూజర్ లేడని పోస్ట్‌గ్రెస్ మొరాయించవచ్చు. పీజీ డంప్ ఒక డేటాబేస్‌లోని సరుకునే తీస్తుంది, లాగిన్‌లను తీయదు. వాటికి పీజీ డంప్ఆల్ అని వేరే ఉంది. వరద రాత్రి తెలిసేకంటే ఇప్పుడే తెలియడం మంచిది కదా. ఆ పైన చిట్టా సాధన మొదలుపెట్టండి. చిట్టా ఫైళ్లను వేరే చోటికి పంపే ఏర్పాటు చేసి, పీజీ బేస్‌బ్యాకప్ తీయండి. తర్వాత గడియారం చూసి టైము రాసుకుని, పట్టిక చెరిపి, చెరపడానికి ఒక్క నిమిషం ముందున్న స్థితికి తెచ్చుకోండి. నాలుగుసార్లు చేస్తే చేయి తిరుగుతుంది.

చేసిన ప్రతి అడుగూ తెలుగులో కాగితం మీద రాసి పెట్టండి. వంతెన మూసేసిన రోజు ఆపరేటర్ అవతలి ఒడ్డున చిక్కుకుపోవచ్చు. అప్పుడు ఆ కాగితం చూసి మరొకరు చేయగలగాలి. పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ తాళం ఇద్దరి దగ్గర, బ్యాకప్‌కు దూరంగా ఉండాలి.

ఇంకో మాట. ఇక్కడ ఊళ్లు కదలకపోయినా వాటి రికార్డులు ప్రయాణిస్తుంటాయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు 2014లో ఖమ్మం జిల్లా నుంచి తూర్పు గోదావరికి వెళ్లాయి, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ఒక మనిషి అదే గుడిసెలో ఉండగానే ఆయన భూమి కాగితం అప్పటికే మూడు జిల్లాలు చూసింది. సాఫ్ట్‌వేర్ కూడా ఇలాగే మారిపోతుంటుంది. కాబట్టి ఏడాదికోసారైనా ముఖ్యమైన పట్టికలను మామూలు అక్షరాల ఫైలుగా, ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే రూపంలో, విడిగా తీసి దాచండి. పదేళ్ల తర్వాత ఆ కంపెనీ లేకపోయినా ఆ ఫైలు తెరుచుకుంటుంది.

కల్లాలు మొదలయ్యేలోపు ఒక ఆదివారం దీనికి కేటాయించండి. మీ ఆఫీసు బ్యాకప్‌లో చివరి ఫైలును పాత ల్యాప్‌టాప్‌లో దించి చూడండి. తెరుచుకుంటే ఎన్ని వరుసలొచ్చాయో, దించడానికి ఎంతసేపు పట్టిందో, తారీఖుతో సహా గోడ మీది క్యాలెండర్‌లో రాయండి. తెరుచుకోకపోతే సోమవారం పొద్దున పైఅధికారికి చెప్పండి. అప్పటికి వానాకాలం ఇంకా రాదు, సరిచేసుకోవడానికి టైముంటుంది.